'మామూలే' అంటే ఏది మామూలు, ఏది కాదు

బిడ్డా, నువ్వు రాసింది రెండుసార్లు చదివాను. మొదటి కాన్పు, 15వ వారం నడుస్తోంది. హన్మకొండలో అత్తగారింట్లో ఉంటున్నావు. మీ ఆయన హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తాడు, శనివారం వచ్చి సోమవారం తెల్లారకముందే పోతాడు. రెండో నెల నుంచి వాంతులు. 50 కిలోలు ఉండేదానివి 48కి వచ్చావు. గుండెల్లో మంట, అప్పుడప్పుడు తలనొప్పి, నిద్ర సరిగా లేదు. వీటన్నిటికంటే నిన్ను ఎక్కువ భయపెడుతున్నది ఏ కారణమూ లేకుండా వచ్చే ఏడుపు. అత్తమ్మకు చెప్తే "మామూలే, మేం కనలేదా" అన్నదని, రాత్రిపూట ఫోన్‌లో వెతికితే ఒక్కో జబ్బు పేరు చదివి ఇంకా బుగులు పట్టుకుంటోందని రాశావు. "నా ఏడుపు కడుపులో బిడ్డకు తగులుతుందా" అని చివర అడిగావు.

ఆ చివరి ప్రశ్నకే ముందు జవాబు చెప్తాను. తగలదు. ఒక పూట ఏడ్చినందుకు, ఒక రాత్రి నిద్ర పట్టనందుకు కడుపులో బిడ్డకు ఏమీ కాదు. ఆ పాపభయం ఇవాళే వదిలేయి. ఏడుపు వారాల తరబడి ఆగకుండా, తిండి, నిద్ర, పరీక్షలు అన్నీ పక్కకు పోతుంటే మాత్రం అది వేరే సంగతి. దాని గురించి కింద వివరంగా చెప్తాను.

నేను డాక్టర్ని కాదు. వరంగల్, ములుగు వైపు సబ్‌సెంటర్లలో 29 ఏళ్లు ఏఎన్‌ఎంగా, అంటే ఊళ్లలో గర్భిణులను, పసిపిల్లలను చూసే నర్సుగా, ఆఖరి కొన్నేళ్లు సూపర్‌వైజర్‌గా పనిచేసి రిటైర్ అయ్యాను. ఎన్ని కడుపుల మీద చెయ్యి పెట్టి చూశానో లెక్క లేదు. ఆ అనుభవంతో నాకు అర్థమైంది ఒకటే. 'మామూలే' అనే మాట చాలామంది ఆడవాళ్ల నోరు మూయిస్తుంది. మామూలుగా వచ్చే బాధ కూడా బాధే, దాన్ని తగ్గించే దారులున్నాయి. మామూలు కానిది కూడా మొదట్లో అచ్చం మామూలు దానిలాగే కనిపిస్తుంది.

ఈ సంగతి నేను పుస్తకంలో చదివి నేర్చుకోలేదు. ఉద్యోగంలో చేరిన కొత్తలో, బతుకమ్మ రోజుల్లో, తల్లిగారింటికి వచ్చిన ఒక అమ్మాయి సబ్‌సెంటర్‌కు వచ్చింది. ఎనిమిదో నెల. రాత్రి నుంచి తలనొప్పిగా ఉంది సిస్టరమ్మా అంది. ఎండన పడి నడిచి వచ్చింది, ముఖం కొంచెం ఉబ్బినట్టే ఉంది. ఆ రోజు టీకాల రోజు, వరండా నిండా పిల్లలు, ఏడుపులు. నేను బీపీ చూడలేదు. "ఎండకు వచ్చినవు కదా, మామూలే, నీళ్లు తాగి పడుకో" అని పంపించాను. పోయేటప్పుడు గడప దగ్గర కూర్చుని కాలివేలి మెట్టెను తిప్పుకుంటూ "ఇవి కూడా బిగుసుకుపోయినయి, తీస్తే వస్తలేవు" అంది. ఆ మాట నా చెవిన పడింది, మనసుకు పట్టలేదు. సాయంత్రానికి ఫిట్స్ వచ్చాయి. మన పెద్దవాళ్లు గుర్రపువాతం అనేది ఇదే. జీపులో పెద్దాస్పత్రికి తీసుకుపోయారు, ఆపరేషన్ చేసి బిడ్డను తీశారు. తల్లీబిడ్డా బతికారు. బిడ్డ రెండు కిలోలు కూడా లేదు, చాలా రోజులు ఆస్పత్రిలోనే ఉంచారు. తప్పు నాదే. ఆ తర్వాత ఉద్యోగం చేసినన్నాళ్లూ తలనొప్పి అన్న గర్భిణిని బీపీ చూడకుండా ఒక్కరిని కూడా ఇంటికి పంపలేదు.

అందుకే నీ తలనొప్పి నుంచే మొదలుపెడతాను. 15 వారాలకు వచ్చే తలనొప్పి ఎక్కువగా ఖాళీ కడుపు వల్ల, నీళ్లు చాలక, నిద్ర లేక వస్తుంది. ఇంతకుముందు రోజుకు నాలుగు టీలు తాగి ఇప్పుడు ఒక్కసారిగా మానేసినా వస్తుంది. నీళ్లు తాగి, ఏదైనా తిని, చీకటి గదిలో కాసేపు పడుకుంటే తగ్గాలి. తప్పనిసరైతే పారాసిటమాల్ వేసుకోవచ్చు, ఎంత మోతాదో డాక్టర్ని అడుగు. మెడికల్ షాపులో ఇచ్చే మిగతా నొప్పి మాత్రలు, బ్రూఫెన్, డైక్లోఫెనాక్ లాంటివి, డాక్టర్ రాయకుండా ముట్టవద్దు. 20 వారాలు దాటాక తలనొప్పి వస్తే ముందు బీపీ చూపించాలి. 140/90 గానీ అంతకు మించి గానీ ఉంటే, మూత్రంలో అల్బుమిన్ అనే ప్రొటీన్ పడుతుంటే అది ఇంట్లో కూర్చునే విషయం కాదు. తలనొప్పితోపాటు కళ్లు మసకలు కమ్మడం, మెరుపులు కనిపించడం, డొక్కల కింద పైకడుపులో నొప్పి, పొద్దున లేచేసరికి ముఖం, చేతులు ఉబ్బి గాజులు ఎక్కకపోవడం ఉంటే అప్పటికప్పుడే 108కి ఫోన్ చేయాలి. సాయంత్రానికి పాదాలు కొంచెం వాయడం ఏడెనిమిది నెలల్లో చాలామందికి ఉంటుంది, కాళ్లు ఎత్తు మీద పెట్టి పడుకుంటే తగ్గుతుంది. ఒక్క కాలు మాత్రమే వాచి, పిక్క ఎర్రబడి, ముట్టుకుంటే నొప్పి పెడితే అది రక్తం గడ్డకట్టిన లక్షణం కావచ్చు, ఆలస్యం చేయవద్దు.

ఇక వేవిళ్లు. ఇవి ఐదారు వారాలకు మొదలై, ఎనిమిది నుంచి పది వారాల మధ్య బాగా ముదిరి, చాలామందికి నాలుగో నెల ముగిసేసరికి తగ్గుముఖం పడతాయి. కొందరికి ఇంకొంచెం సాగుతాయి. నీకు 15వ వారంలో ఉన్నాయంటే వింతేమీ లేదు. మాయ తయారయ్యేటప్పుడు హెచ్‌సీజీ అనే హార్మోన్ ఒంట్లో ఒక్కసారిగా పెరుగుతుంది, వాంతులకు దానితో సంబంధం ఉంది. నీ బలహీనత వల్లనో, నీ గారాబం వల్లనో వచ్చినవి కావు. "పని తప్పించుకోవడానికి" అని ఎవరన్నా అంటే ఆ మాటను మనసులోకి తీసుకోకు.

పొద్దున పరగడుపున లేవగానే వాంతి వస్తుందని రాశావు కాబట్టి, రాత్రి పడుకునే ముందే తలాపున చిన్న డబ్బాలో ఏదైనా పొడిగా పెట్టుకో. గుప్పెడు ప్యాలాలో, పుట్నాలో, ఇంట్లో ఉంటే రెండు సకినాలో. కళ్లు తెరవగానే, కాళ్లు కింద పెట్టకముందే, పడుకునే నాలుగు నమిలి, పావుగంట ఆగి మెల్లగా లేవాలి. కడుపు ఖాళీగా ఉంటే వికారం పెరుగుతుంది, నిండా తిన్నా పెరుగుతుంది. అందుకే మూడు పూటల తిండిని ఆరు చిన్న పూటలుగా చేసుకో. నీళ్లు తిండితో కాదు, తిండికి తిండికి మధ్య తాగు. ఒక్కసారే చెంబెడు తాగితే బయటికి వస్తుంది, గుటకగుటకగా తాగు. పల్చటి సల్ల, అంబలి, కొంచెం ఉప్పు వేసిన గంజి కడుపులో నిలుస్తాయి. అల్లం ముక్క చాలామందికి పనిచేస్తుంది. పోపు వాసన పడటం లేదంటే నాలుగు వారాలు పోపు పెట్టే పని ఇంకొకరు చేయాలి. ఇది అత్తమ్మను అడగడానికి మొహమాటపడాల్సిన విషయం కాదు. ఇవేవీ పనిచేయకపోతే డాక్సిలమైన్, బి6 కలిసిన మాత్ర ఉంది, గర్భిణులకు ఎన్నో ఏళ్లుగా ఇస్తున్నారు. డాక్టర్ని అడిగి వేసుకో. మాత్ర వేసుకుంటే బిడ్డకు ఏమవుతుందోనని వాంతులతో చిక్కిపోవడం మంచిది కాదు.

నీ బరువు లెక్క చూద్దాం. 50 నుంచి 48 అంటే 4 శాతం తగ్గావు. గర్భానికి ముందున్న బరువులో 5 శాతం పోతే, అంటే నీకు రెండున్నర కిలోలు తగ్గితే, అది మామూలు వేవిళ్ల హద్దు దాటినట్టు చూస్తారు. నువ్వు ఆ గీత దగ్గరలోనే ఉన్నావు. అందుకే పది రోజులు ఆగి చూద్దాం అనుకోకుండా ఈ వారంలోనే చూపించుకో. మూత్రం పసుపు నీళ్లలా చిక్కగా వస్తున్నా, పొద్దుటి నుంచి రాత్రి దాకా రెండు మూడుసార్లకు మించి రాకపోయినా, తాగిన నీళ్లు కూడా నిలవకపోయినా, లేచి నిలబడితే కళ్లు తిరుగుతున్నా అదే రోజు ఆస్పత్రికి పో. సెలైన్ పెడతారు, రక్తం, మూత్రం చూస్తారు. మన వరంగల్ ఎండాకాలంలో ఒంట్లో నీరు ఎంత తొందరగా ఆరిపోతుందో నీకు తెలియనిది కాదు.

గుండెల్లో మంటకు, మలబద్ధకానికి తల్లి ఒక్కటే. ప్రొజెస్టెరాన్ అనే హార్మోన్ గర్భసంచి ముడుచుకోకుండా వదులుగా ఉంచుతుంది. ఆ పని చేస్తూ చేస్తూ జీర్ణాశయం పై మూతను, పేగులను కూడా వదులు చేస్తుంది. మూత వదులైతే పులుపు పైకి తంతుంది, పేగులు నెమ్మదిస్తే మలం గట్టిపడుతుంది. నోటికి రుచి లేదని మామిడికాయ తొక్కుతో అన్నం తిని వెంటనే పడుకుంటే ఆ రాత్రి నిద్ర ఉండదు. తిన్నాక కనీసం రెండు గంటలు కూర్చోవాలి, తల వైపు ఎత్తు పెట్టుకోవాలి. జొన్నరొట్టె, జామపండు, గంగవాయిలి కూర, తోటకూర పేగులకు మంచివి. నాలుగో నెల నుంచి సర్కారు దవాఖానలో ఇచ్చే ఎర్రటి ఐరన్ మాత్రతో మలం నల్లగా వస్తుంది, అది చూసి భయపడి మాత్ర మానేసేవాళ్లు ఎంతమందో. నలుపు ఐరన్‌దే. రోజుకొకటి చొప్పున 180 రోజులు వేసుకోవాలి. నిమ్మరసంతో వేసుకుంటే ఒంటికి బాగా పడుతుంది, టీతో వేసుకుంటే పట్టదు, కాల్షియం మాత్రతో కలిపి అసలే వేసుకోకు, రెండింటికీ మధ్య కనీసం రెండు గంటలు ఉంచు. ఐరన్ మాత్రలు వేసుకుంటే బిడ్డ నల్లగా పుడుతుందని ఇప్పటికీ అనేవాళ్లున్నారు. బిడ్డ రంగు అమ్మానాన్నల నుంచి వస్తుంది, మాత్ర నుంచి కాదు.

నువ్వు రాయలేదు గానీ ఒకటి అడగాలి. బలపం, మట్టి, పచ్చి బియ్యం తినాలనిపిస్తోందా? సిగ్గుపడి చాలామంది చెప్పరు. కొంగుచాటున బలపాలు పెట్టుకుని తినే అమ్మాయిలను ఎందరినో చూశాను. అది చెడ్డ అలవాటని తిట్టాల్సిన విషయం కాదు, చాలాసార్లు రక్తం తక్కువై ఒళ్లు చూపించే గుర్తు. హిమోగ్లోబిన్ చూపించుకోవాలి. గర్భిణికి 11 కంటే తగ్గితే రక్తహీనత, 7 కంటే తగ్గితే ఆస్పత్రిలో ఉండి చికిత్స చేయించుకోవాల్సిందే. నాలుగు మెట్లెక్కితే ఆయాసం, రోజంతా నీరసం కూడా 'మామూలే' అని కొట్టిపారేయకుండా ఈ పరీక్ష అయ్యాకే మామూలు అనుకోవాలి.

మిగతావి గబగబా చెప్తాను. మాటిమాటికీ మూత్రం రావడం మామూలు, మంటతో రావడం మామూలు కాదు, అది ఇన్ఫెక్షన్, వదిలేస్తే నెలలు నిండకుండానే నొప్పులు రావచ్చు. తెల్లబట్ట పల్చగా అవడం మామూలు, వాసన, దురద, పచ్చదనం ఉంటే చూపించాలి. లేచేటప్పుడు గజ్జల్లో సర్రుమని లాగడం గర్భసంచిని పట్టి ఉంచే తాళ్లు సాగడం వల్ల వస్తుంది, పక్కకు తిరిగి చేయి ఆనించి లేస్తే తగ్గుతుంది. రాత్రి పిక్కలు పట్టేస్తే కాలు చాపి వేళ్లను నీ వైపుకు లాక్కో. ముఖం మీద మంగు, పొట్ట మీద నల్లగీత కాన్పయ్యాక మెల్లగా తేలికపడతాయి. పొట్ట చర్మం సాగి దురద పెట్టడం మామూలు. అదే ఏడో నెల తర్వాత దద్దు లేకుండా అరచేతులు, అరికాళ్లు రాత్రిపూట విపరీతంగా దురద పెడితే లివర్ పరీక్ష చేయించాలి, ఆ స్థితి బిడ్డకు ప్రమాదం తేవచ్చు. జ్వరం వస్తే ఒక్క రోజు కూడా ఆగకూడదు. ఏటూరునాగారం వైపు వానాకాలం జ్వరం అంటే మలేరియా అని మాకు ముందే అనుమానం, గర్భిణికి అది మరింత ప్రమాదం. రక్తం ఒక్క చుక్క కనిపించినా, ఉమ్మనీరు కారినా, ఎన్నో నెల అయినా సరే, ఆస్పత్రే.

బిడ్డ కదలిక నీకింకా తెలిసి ఉండదు. తొలిచూలుకు సాధారణంగా 18 నుంచి 20 వారాలకు తెలుస్తుంది. మొదట్లో సీతాకోకచిలుక రెక్కలాడించినట్టు ఉంటుంది, గ్యాస్ అనుకుంటారు. పక్కింటామెకు 16 వారాలకే తెలిసిందని టెన్షన్ పడకు, ఆమెకు రెండో కాన్పు అయ్యుంటుంది. ఏడో నెల దాటాక మాత్రం నీ బిడ్డ ఎప్పుడు ఎట్లా కదులుతుందో నీకు ఒక అలవాటు పడుతుంది. ఆ కదలిక తగ్గిందని నీకు అనిపిస్తే చాలు, పొద్దున చూద్దాం అనుకోకుండా అప్పుడే వెళ్లాలి. అప్పటి నుంచి పక్కకు తిరిగి పడుకోవడం అలవాటు చేసుకో, ఎడమ వైపైతే ఇంకా మంచిది.

ఇప్పుడు నీ ఏడుపు సంగతి. మన దగ్గర దీనికి మంచి మాట ఉంది, రంది. "దానికేదో రంది పట్టుకుంది" అంటారు. రంది అనే మాట ఉందంటేనే మన అమ్మమ్మలు కూడా దాన్ని ఎరుగుదురు, అనుభవించారు. "మేం కనలేదా" అన్న మీ అత్తమ్మ కూడా అనుభవించే ఉంటుంది, కాకపోతే అప్పుడు ఆమెను అడిగినవాళ్లు లేరు. ఒకరోజు తీరిగ్గా ఉన్నప్పుడు, సాయంత్రం వాకిట్లో కూర్చున్నప్పుడు, "అత్తమ్మా, మీకు తొలిచూలప్పుడు భయమయ్యేదా" అని అడిగి చూడు. ఇట్లా అడగమని చాలామంది కోడళ్లకు చెప్పాను. సలహా కోసం అడిగితే పెద్దవాళ్లు 'మామూలే' అంటారు, వాళ్ల కథ అడిగితే గంట కూర్చుని చెప్తారు. ఆ తర్వాత నీ మాట వినే తీరు మారుతుంది.

మొదటి మూడు నాలుగు నెలల్లో హార్మోన్లు ఒంటితోపాటు మనసును కూడా కుదుపుతాయి. దానికి తోడు వాంతులు, నిద్ర లేకపోవడం, కొత్త ఇల్లు, భర్త వారానికి ఒకటిన్నర రోజే కనబడటం. ఇన్ని కలిసినప్పుడు ఏడుపు రాకపోతేనే వింత. జగిత్యాల, సిరిసిల్ల వైపు నుంచి కోడళ్లుగా వచ్చినవాళ్లలో భర్త దుబాయిలో ఉన్న ఆడపిల్లలను చూశాను, కాన్పు దాకా ఫోన్‌లో ముఖం చూసుకుంటూ గడిపినవాళ్లు. వాళ్లలో చాలామంది పైకి గట్టిగానే ఉండేవాళ్లు, పొట్ట మీద చెయ్యి పెట్టి "ఎట్లున్నవు బిడ్డా" అనగానే బొటబొటా కన్నీళ్లు కార్చేవాళ్లు. కొందరికి మునుపటి గర్భం పోయిన భయం. ఇంకొందరికి ఆడపిల్ల పుడితే ఏమంటారో అనే భయం, అది మరీ అన్యాయమైన భయం. ఆడా మగా అనేది తేల్చేది తండ్రి కణం, తల్లి కాదు. ఇంట్లో ఆ మాట ఎవరన్నా ఎత్తితే ఇది గట్టిగా చెప్పు.

ఇక ఎప్పుడు చూపించుకోవాలి. రెండు వారాల పాటు రోజులో ఎక్కువసేపు దిగులుగా ఉంటే, ఇంతకుముందు ఇష్టమైన పనేదీ ఇష్టం లేకపోతే, వీలున్నా నిద్ర పట్టకపోతే, తిండి మీదకు మనసు పోకపోతే, గుండె దడదడలాడుతూ ఊపిరాడనట్టు అవుతుంటే, అది మనసుకు వచ్చిన జబ్బు. బీపీకి, షుగర్‌కు వైద్యం ఉన్నట్టే దీనికీ ఉంది. మాటల చికిత్స ఉంది, అవసరమైతే గర్భిణులకు ఇవ్వదగిన మందులూ ఉన్నాయి. ముందునుంచే అలాంటి మందులు వాడుతున్నవాళ్లు డాక్టర్ని అడగకుండా సొంతంగా ఆపేయకూడదు. థైరాయిడ్ తేడా ఉన్నా ఇలాగే నీరసం, దిగులు ఉంటాయి, కాబట్టి ఆ పరీక్ష కూడా అడుగు. మనసు బాధలకు సర్కారు పెట్టిన ఫోన్ సాయం టెలిమానస్, నంబరు 14416, ఖర్చు లేదు, రాత్రయినా తెలుగులోనే మాట్లాడొచ్చు. మన వరంగల్ ఎంజీఎం ఆస్పత్రిలో మానసిక వైద్య విభాగం ఉంది. చచ్చిపోవాలనో, నాకు నేను ఏమన్నా చేసుకోవాలనో ఒక్కసారి అనిపించినా ఒక్కదానివే ఉండకు. పక్కనున్నవాళ్లను లేపి చెప్పు, ఆ రాత్రే ఫోన్ చెయ్యి. ఇంట్లో దిష్టి తీస్తామంటే తీయనివ్వు, తాయెత్తు కడతామంటే కట్టనివ్వు. వాళ్ల ప్రేమ అది. కానీ అక్కడితో ఆగిపోవద్దని నువ్వే అడగాలి.

రాత్రి ఫోన్‌లో వెతకడం మానేయి. పడుకున్నాక బుర్రలోకి వచ్చిన ప్రశ్నను కాగితం మీద రాసి కార్డులో పెట్టుకో, పరీక్షకు పోయినప్పుడు అడుగు. ప్రతి నెల 9వ తారీఖున సర్కారు దవాఖానల్లో గర్భిణులను డాక్టర్లే చూస్తారు. హన్మకొండ ప్రసూతి ఆస్పత్రి అయినా, వరంగల్ సీకేఎం ప్రసూతి ఆస్పత్రి అయినా నీకు దూరమేమీ కాదు. ఆశా కార్యకర్తకు చెప్తే 102 బండి ఇంటికే వస్తుంది. పక్కనున్న అంగన్‌వాడీలో పేరు రాయించుకున్నావా? పాలు, గుడ్డు, పూట భోజనం అక్కడ ఇస్తారు, అంతకంటే ముఖ్యంగా నీలాంటి మరో నలుగురు అక్కడికి వస్తారు. ఒకళ్లకొకళ్లు చెప్పుకోవడం నేను చూసినంతలో ఏ మాత్రకూ తీసిపోదు.

18 నుంచి 20 వారాల మధ్య బిడ్డ అవయవాలన్నీ చూసే టిఫా స్కాన్ ఉంటుంది, అంటే ఇంకో నాలుగైదు వారాల్లో. ఆ రోజు సోమవారమైనా సరే, మీ ఆయన్ని సెలవు పెట్టి రమ్మను. తెర మీద బిడ్డ వెన్నుపూస ముత్యాల వరుసలా కనిపిస్తుంది, అది ఇద్దరూ కలిసి చూడండి. ఈలోపు, ఈ వారంలోనే, బరువు, బీపీ, హిమోగ్లోబిన్, థైరాయిడ్, మూత్రం చూపించుకుని ఆ అంకెలు నాకు రాయి. తలాపున డబ్బా ఈ రాత్రే పెట్టుకో.